విశాఖ చేపలూ, డాక్టర్ పాట్రిక్ రస్సెల్

సూరత్ చేపల బజారులో బాంగడా పేరుతో అమ్మే చేప మీలో చాలామందికి తెలిసినదే. వీపు నీలిపచ్చగా, పొట్ట వెండిలా, వీపు పక్కన వరుసగా నల్లచుక్కలతో జానెడు పొడవుంటుంది. విశాఖ, శ్రీకాకుళం తీరాల్లో దీన్ని కానాగంత అంటారు, కొన్నిచోట్ల కానాగుర్త అని కూడా అంటారు. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టుకున్న పేరు రాస్ట్రెల్లిజర్ కనగుర్త. ఇందులో మొదటి మాట లాటిన్ నుంచి వచ్చింది. చిన్న దంతె పట్టుకున్నది అని దాని అర్థం. ఈ చేప మొప్పల లోపల దంతె పళ్లలాంటి ముళ్లు ఉంటాయి కనుక ఆ పేరు. రెండో మాట మాత్రం మనది. పారిస్‌లో రాసినా, టోక్యోలో రాసినా, ఈ చేప గురించి రాసే ప్రతి శాస్త్రజ్ఞుడూ ఒక తెలుగు మాట రాయక తప్పదు.

ఆ మాట అంత దూరం ఎలా వెళ్లిందో తెలియాలంటే ఒక స్కాట్లండు వైద్యుని జీవితం తెలుసుకోవాలి. ఆయన పేరు పాట్రిక్ రస్సెల్. పాముల గురించి చదివినవారికి ఈ పేరు కొత్త కాదు. రక్తపింజరకు ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అని పేరు రావడానికి కారణం ఈయనే. అందువల్ల లోకం ఆయనను పాముల డాక్టరుగానే గుర్తుపెట్టుకుంది. మేము ఇక్కడ ఎక్కువగా ఆయన చేపల గురించి చెబుతాం, ఎందుకంటే తెలుగు భాషకు ఆయన చేసిన మేలు అందులోనే ఎక్కువ ఉందని మా అభిప్రాయం.

రస్సెల్ 1727 ఫిబ్రవరిలో ఎడిన్‌బరోలో పుట్టాడు. తండ్రి న్యాయవాది. ఇంట్లో అన్నదమ్ములు చాలామంది. వారిలో అలెగ్జాండర్ అనే సవతి అన్న వైద్యం చదివి సిరియాలోని అలెప్పో నగరానికి వెళ్లి, అక్కడి ఇంగ్లీషు వర్తకులకు వైద్యుడిగా ఉండేవాడు. పాట్రిక్ కూడా వైద్యం చదివి 1750లో అన్న దగ్గరికి చేరాడు. 1753లో అన్న స్వదేశానికి వెళ్లిపోవడంతో ఆ ఉద్యోగం తమ్ముడికి వచ్చింది. అన్న 1756లో అలెప్పో ప్రకృతి చరిత్ర అనే పుస్తకం అచ్చు వేయించాడు.

అలెప్పో ఎక్కడ, మనం ఎక్కడ అనుకోవద్దు. ఆ రోజుల్లో సూరత్ రేవు నుంచి నూలు బట్టలతో బయలుదేరిన ఓడలు ఎర్రసముద్రపు రేవులకూ బస్రాకూ వెళ్లేవి. బస్రా నుంచి ఒంటెల బారులు ఎడారి దాటి అలెప్పో చేరేవి. ఇంగ్లీషువారి ఉత్తరాలు కూడా ఆ దారినే నడిచేవి. సువాలీ తీరాన ఓడలు నిలిపి సూరత్‌లో మొదటి వర్తక స్థావరం పెట్టుకున్న ఈస్టిండియా కంపెనీకీ, అలెప్పోలో స్థావరం పెట్టుకున్న లెవాంట్ కంపెనీకీ మధ్య దారి అదే. కాబట్టి రస్సెల్ మన దేశంలో అడుగుపెట్టడానికి చాలా ఏళ్ల ముందే మన దేశపు సరుకులూ కబుర్లూ చేరే ఊళ్లో బతికాడన్నమాట.

ఆయన అక్కడ దాదాపు 20 ఏళ్లు ఉన్నాడు. స్థానికుల భాష నేర్చుకున్నాడు. అరబ్బీ రాతప్రతులు సేకరించాడు. 1760 నుంచి 1762 వరకు అలెప్పోను ప్లేగు వణికించింది. ఆయన ఊరు విడిచి పోలేదు. రోగులను చూస్తూ, ఎవరికి ఎలా సోకింది, ఎన్నాళ్లు ఉంది అని కేసు కేసుకూ రాసుకుంటూ పోయాడు. నగరాన్ని పాలించే పాషా ఆయనను గౌరవించి తలపాగా ధరించే హక్కు ఇచ్చాడు. ఆ కాలంలో అక్కడ ఒక విదేశీయుడికి అది చిన్న మర్యాద కాదు.

ఆ రోజుల్లోని ఒక సంగతి మాకు ముఖ్యంగా తోస్తుంది. మశూచికి టీకా లాంటిది వేయించుకునే పద్ధతి బెదూయిన్ అరబ్బుల్లో ఎప్పటి నుంచో ఉందని ఆయన వారి నోటనే విన్నాడు. దాన్ని వారు మశూచిని కొనడం అనేవారట. పిల్లవాడు కాసిని ఎండు ద్రాక్షలో, ఖర్జూరాలో తీసుకుని మశూచి వచ్చిన పిల్లవాడి దగ్గరికి వెళ్లి, వాటికి బదులుగా రెండు మూడు పొక్కులు కొనుక్కునేవాడు. వినేవాళ్లు నవ్వి వదిలేసే మాట ఇది. రస్సెల్ ఊరూరా వాకబు చేసి, ఆ ఆచారం ఎక్కడెక్కడ ఉందో తెలుసుకుని, 1768లో లండన్ రాయల్ సొసైటీకి రాసి పంపాడు. చదువు లేనివారు చెప్పింది కూడా కాగితం మీద పెట్టదగినదేనన్న బుద్ధి ఆయనకు అలెప్పోలోనే అబ్బింది. విశాఖ చేపల దగ్గర అదే పనికొచ్చింది.

1771లో ఆయన అలెప్పో వదిలి స్వదేశం చేరాడు. 1777లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. వయసు 50. మామూలుగా అయితే కథ ఇక్కడికి ముగియాలి.

కాని ఆయన తమ్ముడు క్లాడ్ రస్సెల్ కంపెనీ ఉద్యోగి. 1781లో అతన్ని విశాఖపట్నం వ్యవహారాలు చూడమని నియమించారు. అంతకు ముందటి ఏడే, 1780లో, విశాఖలో సిపాయిలు తిరగబడి పెద్ద అలజడి జరిగింది. దక్షిణాన హైదర్ అలీతో యుద్ధం సాగుతోంది. తమ్ముడి ఆరోగ్యం చూసుకోవడానికి పాట్రిక్ తోడుగా బయలుదేరాడు. అప్పటికి ఆయనకు 54 ఏళ్లు. పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు. ఉద్యోగం కూడా ఆయనది కాదు, తమ్ముడిది.

మేమూ బదిలీల మీద ఊళ్లు తిరిగేవాళ్లమే. కొత్త ఊరికి వెళ్లిన మొదటి వారం బజారుకు పోయి కూరగాయల పేర్లూ చేపల పేర్లూ నేర్చుకోవడం మాకు అలవాటు. ఆ పేర్లు వచ్చిన నాటి నుంచి ఆ ఊరు కొంచెం మన ఊరవుతుంది. 54వ ఏట విశాఖ చేరిన రస్సెల్ చేసింది కూడా ఇంచుమించు అదే, కాకపోతే చాలా పెద్ద ఎత్తున. మొక్కలు సేకరించాడు, పాములు సేకరించాడు, చేపలు సేకరించాడు. వేటినీ వాటి స్థానిక నామం అడగకుండా వదలలేదు.

అప్పట్లో కంపెనీ తరఫున ఈ తీరంలో ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా ఉన్నవాడు యోహాన్ కోనిగ్. ఈయన లిన్నేయస్‌కు శిష్యుడు. 1785లో కాకినాడ పక్కనున్న జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఆ పదవి రస్సెల్‌కు ఇచ్చారు. కంపెనీకి కావలసింది శాస్త్రం కాదు, లాభం. ఏ చెట్టు రంగు ఇస్తుంది, ఏ వేరు మందవుతుంది అన్నది దాని ఆసక్తి. రస్సెల్ ఆ ఆసక్తినే ఆసరా చేసుకుని, ఈ తీరపు ఉపయోగకరమైన మొక్కలకు బొమ్మలతో ఒక పుస్తకం తేవాలని ప్రతిపాదించాడు. సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్ ఆ పని చేపట్టాడు. 1795 నుంచి కోరమాండల్ తీరపు మొక్కలు అన్న పేరుతో ఆ గొప్ప పుస్తకం వెలువడింది. దానికి ముందుమాట రస్సెల్‌దే.

పాముల సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. పాముకాటుకు జనం చచ్చిపోతున్నారు, ఏది విషపు పామో ఏది కాదో తెలియక ప్రతిదాన్నీ చంపుతున్నారు. కోరలు చూసి విషపు పామును గుర్తుపట్టే మార్గం చెప్పాలని ఆయన పూనుకున్నాడు. విషం బలం తెలుసుకోవడానికి కుక్కలనూ కోళ్లనూ కాటు వేయించాడు. ఈ రోజు ఆ పని మనకు నచ్చదు, నచ్చకూడదు కూడా. అప్పట్లో పేరుపొందిన తంజావూరు మాత్రలు పాముకాటును నయం చేస్తాయా అని పరీక్షించినదీ ఆయనే. 1796లో వచ్చిన ఆయన పాముల పుస్తకంలో రక్తపింజర పేరు కాటుక రేకుల పొడ అని ఉంది. ఎంత చక్కని పేరో చూడండి. పొడ అంటే మచ్చ. కాటుక దిద్దిన రేకుల్లాంటి మచ్చలున్న పాము అని పేరులోనే దాని ఒళ్లంతా కనబడుతుంది. కట్లపాము జాతికి బంగారస్ అని శాస్త్రీయ నామం. అది ఈ పుస్తకంలో నమోదైన బంగారం అనే తెలుగు మాటే.

ఇక చేపలు. విశాఖ జాలర్లు తెప్పల మీద వెళ్లేవారు. తెప్ప అంటే నాలుగైదు దుంగలు కలిపి తాళ్లతో కట్టినది, అలల మీద తేలుతుంది కాని లోపల కూర్చునే పడవ కాదు. వారు తెచ్చిన చేపలను రస్సెల్ చూసేవాడు, కొలిచేవాడు, రెక్కల్లో ముళ్లు లెక్కపెట్టేవాడు. స్థానిక చిత్రకారుడి చేత బొమ్మ గీయించేవాడు. పక్కన పేరు, చెవికి ఎలా వినబడితే అలా, ఇంగ్లీషు అక్షరాల్లో. ఆ రాతను ఇప్పుడు చదవడం తెలుగువారికి ఒక సరదా. వంజరం అన్నది వింగెరం అయింది. పండుమీను, కోనెం, మాగ మాత్రం కొంచెం తడుముకుంటే దొరికిపోతాయి. చేపను మనం ఇప్పుడు చేప అనే అంటున్నాం. మీను అనే మాటను విడిగా వాడటం తగ్గించాం. 240 ఏళ్ల కిందట విశాఖ రేవులో అది చేప పేర్లలో మామూలుగా వినబడిందని మనకు ఈ పుస్తకం వల్ల తెలుస్తోంది.

ఇంకొక సంగతి గమనించండి. తరగతిలో లిన్నేయస్ పద్ధతి చదివారు కదా, ప్రతి ప్రాణికీ రెండు మాటల పేరు, ఒకటి ప్రజాతికి, ఒకటి జాతికి. జాలర్లు చెప్పిన పేర్లలో చాలా వాటికి రెండు మాటలున్నాయి. నల్ల కచ్చెలి, తెల్ల కచ్చెలి. తోలు పార. పాల సొర. చివరి మాట వంశం చెబుతుంది, ముందు మాట అందులో ఏదో చెబుతుంది. మన ఇంటిపేరూ పేరూ లాగా, కాకపోతే తలకిందులుగా. ఎవరూ వాళ్లకు వర్గీకరణ పాఠం చెప్పలేదు. రోజూ వలలో పడే వందల రకాలను వేరుచేసి ధర కట్టాలంటే ఇటువంటి పద్ధతి దానంతట అదే ఏర్పడుతుంది. కచ్చెలి అని వారు పిలిచినవి గొరక కుటుంబపు చేపలు. 2023లో గుజరాత్ తన రాష్ట్ర చేపగా ప్రకటించిన ఘోల్ కూడా ఆ కుటుంబంలోదే.

రస్సెల్ 1789 జనవరిలో విశాఖ వదిలి ఇంగ్లండు చేరాడు. అప్పటికి 62 ఏళ్లు. అసలు పుస్తకాలన్నీ ఆ తర్వాతే వచ్చాయి. 1791లో ప్లేగు గ్రంథం. 1794లో అన్న రాసిన అలెప్పో పుస్తకానికి తాను పెంచి దిద్దిన రెండో ముద్రణ. అందులో అక్కడి కాఫీ కొట్లలో కథకుడు కథ మంచి పట్టులో ఉండగా ఆపేసి వెళ్లిపోవడం, విన్నవాళ్లు మర్నాడు మళ్లీ రావడం చక్కగా వర్ణించాడు. మన బుర్రకథ, హరికథ తెలిసినవారికి ఆ కిటుకు కొత్త కాదు. 1796లో పాములు. చివరికి 1803లో, 76వ ఏట, చేపల పుస్తకం, రెండు సంపుటాలు. కోరమాండల్ తీరంలోని విశాఖపట్నం దగ్గర సేకరించిన 200 చేపల వర్ణనలూ బొమ్మలూ అని దాని పేరుకు అర్థం. అచ్చు ఖర్చు కంపెనీ డైరెక్టర్లు భరించారు.

ఆ పుస్తకంలో ఆయన చేసిన ఒక పని వల్లనే మన మాటలు బతికాయి. చాలా చేపలకు ఆయన సొంతంగా లాటిన్ జాతినామం పెట్టలేదు. ప్రజాతి ఫలానా అని చెప్పి, వర్ణన రాసి, పైన జాలరి చెప్పిన పేరు ఉంచాడు. పేరు పెట్టిన కీర్తి ఇతరులకు పోయింది. ఫ్రాన్సులో కువియే, జర్మనీలో రుప్పెల్, హాలండులో బ్లీకర్ వంటి వారు ఆ బొమ్మలు ముందు పెట్టుకుని పేర్లు పెడుతూ, ఒక్కోచోట పైన ఉన్న తెలుగు మాటనే తీసుకున్నారు. 1816లో కువియే కనగుర్త అన్నాడు. బ్రౌన్ నిఘంటువు రావడానికి 36 ఏళ్ల ముందు మాట అది.

వీటిలో కొన్ని చేపలు ఇప్పుడు ప్రపంచమంతటా గాలం వేటగాళ్లకు ప్రాణప్రదమైనవి. తిండి కోసం కాక క్రీడగా గాలం వేసేవారు కోరుకునేది తేలిగ్గా లొంగని చేపను. కొక్కెం తగలగానే పరుగు తీయాలి, నీళ్లపైకి ఎగరాలి, గంటసేపు చేతులు నొప్పి పుట్టించాలి. చాలామంది పట్టిన చేపను కొలిచి మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. మన దేశంలో ఈ వేట మీద పేరుపొందిన తొలి పుస్తకం మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెచ్. ఎస్. థామస్ 1873లో రాసిన ది రాడ్ ఇన్ ఇండియా. అందులో పెద్దపీట మంచినీటి మహసీర్‌ది. నర్మదలో, మన తాపీలో కూడా ఉండే చేప. థామస్ కన్నా 70 ఏళ్ల ముందే రస్సెల్ పుస్తకంలో ఉప్పునీటి వీరులు వరుసగా ఉన్నారు, క్రీడ కోసం కాదు, జాలరి బతుకు కోసం పట్టినవి.

అన్నిటికన్నా ముందు పండుమీను. ఇప్పుడు మనం పండుగప్ప అంటాం. కోల్‌కతాలో భెట్కి, ఆస్ట్రేలియాలో బారాముండి. ఆస్ట్రేలియాలో దీని కోసం దేశదేశాల నుంచి గాలం వేటగాళ్లు వస్తారు. ఇది సముద్రంలోనూ ఉంటుంది, ఏటి మొగలోనూ ఉంటుంది, నదిలో చాలా దూరం ఎగువకూ వెళుతుంది. గుడ్లు పెట్టడానికి మళ్లీ ఉప్పునీటికి రావాలి. ఇంకో వింత ఏమిటంటే, చాలా పండుగప్పలు ముందు మగవిగా ఎదిగి, కొన్నేళ్ల తర్వాత ఆడవిగా మారతాయి. కాబట్టి గాలానికి తగిలిన బాగా పెద్ద చేప తల్లిచేపే అయి ఉంటుంది. దాన్ని వదిలిపెట్టాలని తెలిసిన వేటగాళ్లు అందుకే అంటారు.

పార జాతి మరీ ఆసక్తికరం. రస్సెల్ పుస్తకంలో పార అనే మాట చివర వచ్చే పేర్లు చాలా ఉన్నాయి. ఈ వంశంలో అతిపెద్దదాన్ని ఇంగ్లీషులో జెయింట్ ట్రెవల్లీ అంటారు. మాల్దీవుల్లోనూ అండమాన్‌లోనూ దాన్ని పట్టడమే జీవితాశయంగా పెట్టుకున్న వేటగాళ్లున్నారు. తోలు పార దీనికి దగ్గరి చుట్టం. పొలుసు కనబడక ఒళ్లు తోలులా ఉండటం వల్ల ఆ పేరు వచ్చిందని మా ఊహ. తమిళ రేవుల్లో దీన్ని తోల్‌పారై అంటారు, ఇంగ్లీషులోనూ తోలు ఒంటి చేప అనే అర్థంలో ఒక పేరుంది. జర్మనీకి చెందిన రుప్పెల్ 1829లో ఎర్రసముద్రపు చేప ఒకదానికి తోలూపార అనే నామకరణం చేశాడు. మన జాలరి మాట ఎర్రసముద్రం చేరిందన్నమాట. తర్వాత శాస్త్రజ్ఞులు అంతకు ముందరి పేరు ఒకటి ఉందని దాన్ని పక్కన పెట్టారు. అయితే కువియే పెట్టిన తోల్ అనే పేరు మరో తోలు పారకు ఇప్పటికీ చెల్లుతోంది. ఇదే రుప్పెల్ మరుసటి ఏడు ఒక చిన్న సముద్రపు చేపకు రస్సెల్ పేరు పెట్టాడు. డెకాప్టెరస్ రస్సెల్లి అంటే అదే.

కత్తిలా దూసుకుపోయే బారకుడాలలో ఒక జాతి స్ఫైరీనా జెల్లో. జెల్లో అన్నది రస్సెల్ రాసుకున్న విశాఖ పేరే, 1829లో కువియే దాన్ని స్థిరపరిచాడు. కోనెం, వంజరం మీరు ఇక్కడ సుర్మాయి పేరుతో చూసే చేపలు. గడ్డం కింద తీగలు వేలాడే మాగలు కూడా పుస్తకంలో ఉన్నాయి. పెదమొట్ట అని ఆయన రాసినది ఇప్పుడు కోబియా. దాని కుటుంబంలో అది తప్ప వేరే జాతి లేదు.

మంచినీటి చేపల్లో వాలుగను చెప్పుకోవాలి. వెడల్పు నోరు, చిన్న కళ్లు, పొలుసులేని పొడవాటి ఒళ్లు, రెండు వైపులా మీసాలు. మనిషంత పొడవు పెరగగలదు. గోదావరిలో ఉంది, కృష్ణలో ఉంది, తాపీలో ఉంది. రాత్రిపూట తిరిగి చిన్న చేపలను మింగే జాతి. గాలానికి బతికిన చేపను ఎరగా గుచ్చి ఓపికగా కూర్చుంటే గానీ దొరకదు. దీని శాస్త్రీయ ప్రజాతి నామం వల్లాగో. 1851లో బ్లీకర్ పెట్టాడు. రస్సెల్ పుస్తకంలోని వల్లాగూ నుంచి వచ్చింది. కనగుర్త లాంటివి జాతినామాలు, అంటే పేరులో రెండో మాట. ఇది మాత్రం ఏకంగా మొదటి మాటే అయింది. ఆగ్నేయాసియా నదుల్లో ఉన్న దీని బంధువులు కూడా ఈ తెలుగు పేరు కిందికే వచ్చాయి.

ఇటువంటి పని చేసినవాడు రస్సెల్ ఒక్కడే కాదు. బెంగాల్‌లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద 1822లో వేసిన పుస్తకంలో రోహిత, కట్ల, మృగాల వంటి మాటలు అలాగే వచ్చాయి. మహసీర్‌కు టోర్ అన్న పేరు కూడా అక్కడి నుంచే.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. పుస్తకం మీద పేరు రస్సెల్‌ది. కువియే, రుప్పెల్, బ్లీకర్ పేర్లు చేపల పేర్ల పక్కన శాశ్వతంగా నిలిచాయి. పేర్లు చెప్పిన జాలర్లలో ఒక్కరి పేరూ ఆ నామాల పక్కన లేదు. పాఠకులు మెచ్చుకున్న బొమ్మలు గీసిన చిత్రకారుడు స్థానికుడు అన్నంత వరకే నిలిచింది. అలెప్పోలో రోగులను ఒక్కొక్కరినీ నమోదు చేసుకున్న మనిషి విశాఖలో ఈ పని చేయలేదు. ఆ కాలపు కంపెనీ ఉద్యోగుల్లో అది సాధారణమే. అయినా మాకు ఇది ఆయన పనిలో పెద్ద లోటుగానే కనిపిస్తుంది. రెక్కలో ముళ్లు లెక్కపెట్టడానికి పట్టిన సమయంలో ఒక మనిషి పేరు రాయడానికి ఎంత పడుతుంది?

రస్సెల్ 1805 జూలై 2న లండన్‌లో, కొద్దిరోజుల జబ్బు తర్వాత, మరణించాడు. వయసు 78. చేపల పుస్తకం అచ్చయి రెండేళ్లే అయింది. కువియే కనగుర్త అని రాసేనాటికి ఆయన లేడు. పాముల రెండో సంపుటం చివరి భాగాలు ఆయన పోయాక 1809 వరకు వెలువడుతూ వచ్చాయి.

ఈ విభాగం చదివే మీలో కొందరి తల్లిదండ్రులు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో మాలాగే బదిలీల మీద వచ్చినవారు. కొందరి తాతలు కరీంనగర్, వరంగల్ వైపుల నుంచి మగ్గాల పని కోసం సూరత్ వచ్చి ఇక్కడే స్థిరపడినవారు. ఇంట్లో తెలుగు ఉంది కాని చేపలన్నిటికీ ఇంట్లోనూ బాంగడా, సుర్మాయి పేర్లే వాడుకలోకి వచ్చాయి. కానాగంత, కోనెం అన్న మాటలు తరగతిలో చెబితే చాలామంది మొదటిసారి విన్నట్టు చూశారు. చెరువు చేపల పేర్లు, కొర్రమీను, బొచ్చె, జెల్ల, ఇంగిలాయి వంటివి, అమ్మమ్మలకూ తాతలకూ ఇంకా గుర్తున్నాయి. వేసవి సెలవుల్లో ఊరికి వెళ్లేవారు అడిగి రాసుకురండి. వచ్చే సంచికలో రెండు పేజీలు దీనికి ఉంచుతాం. కాగితం మీద నాలుగు గళ్లు గీయండి. చేప పేరు, ఊరు, అది ఎలా ఉంటుంది అన్నవి మూడు. నాలుగో గడిలో, ఆ పేరు మీకు చెప్పినవారి పేరు.